మీటరు గదిలో ఏడుపు

పోయినవారం కథ ఆగేసరికి నేను ఏటి ఒడ్డున, మీటరు గది ముందు ఉన్నాను. రెండు చేతుల్లో సీసాల పెట్టె, పళ్ళ మధ్య తాళంచెవి.

ఎందుకెళ్ళానో మరిచిపోయినవాళ్ళకి కాస్త చెప్తాను. ఏట్లో నీళ్ళు ఎంత చెడ్డాయో చూసే లాబ్‌లో నేను సీసాలు కడుగుతాను. ఐదు నెలల కిందట ఒడ్డున చిన్న గది కట్టి, అందులోంచి ఏట్లోకి ఒక మీటరు దించారు. నీళ్ళలో ఉప్పులూ లోహాలూ ఎంత కరిగితే దాని అంకె అంత పెరుగుతుంది. పావుగంటకోసారి ఆ అంకె మా గోడమీది తెరకి చేరి గీతలా కనబడుతుంది. మొదటి నెల ఆ గీత తెర నెత్తిన ఉండేది. తరవాత ఉన్నట్టుండి కిందికి దిగింది. ఏరు బాగుపడిందన్నారు. పెద్దసారు వచ్చినవాళ్ళందరికీ ఆ గీత చూపించి మురిసిపోయేవారు.

ఇరవై రోజుల నుంచి గీత మళ్ళీ ఎక్కుతోంది. అదీ మామూలుగా కాదు. ఉదయం సరిగ్గా పదకొండింటికి ఒక మెట్టు ఎక్కుతుంది, మర్నాడు పదకొండు దాకా ఆ మెట్టు మీదే కూర్చుంటుంది. మధ్యాహ్నం ఎండకి నీళ్ళు వేడెక్కితే అంకె కాస్త కదలాలి కదా, అదీ లేదు. ఎండ తగలని ఏరు ఎక్కడుంటుంది?

"ఏటికి పదకొండింటికి దెయ్యం పడుతోందమ్మా" అనేవాడు మా అటెండరు బాబాయి, టీ ఊదుకుంటూ. "పైగా దెయ్యానికి చేతిగడియారం కూడా ఉన్నట్టుంది. మనకంటే నయం, టైముకి డ్యూటీకి వస్తోంది."

లాబ్ చూసుకునే మేడమ్ నవ్వలేదు. ఒడ్డునున్న పూత షెడ్లవాళ్ళని, ఇనుప సామానుకి మెరుపు పూత పూసేవాళ్ళని, పిలిపించింది. నాలుగు నెలల్నుంచి ఏట్లోకి ఒక్క చుక్క వదల్లేదని వాళ్ళు పిల్లల మీద ఒట్లేశారు. మేడమ్ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. మీటరు బాగుచేసే మనిషి సోమవారం దాకా రానన్నాడు. "పైపుకి చెత్తేమైనా అడ్డం పడిందేమో చూసి, రెండు సీసాలు నింపుకుని రా" అని మేడమ్ నా చేతికి తాళంచెవి ఇచ్చింది.

వెళ్ళాను. పెట్టె దింపి, పళ్ళ మధ్య నుంచి తాళంచెవి తీశాను. తలుపుకి తాళం లేదు. లోపల్నుంచి పసిపిల్ల ఏడుపు.

అక్కడ ఆగాం.

---

ఆకలేస్తే ఒకలా, నిద్రొస్తే ఒకలా, మొండికేస్తే ఒకలా ఏడుస్తారు పిల్లలు. తల్లికి చెవిన పడగానే తెలుస్తుంది. ఆ ఏడుపు వీటిలో ఏదీ కాదు. సన్నగా సాగుతుంది, ఆగుతుంది, మళ్ళీ అంతే సన్నగా, అంతే సేపు సాగుతుంది. మధ్యలో ఎక్కిళ్ళు లేవు. ఊపిరి తీసుకోవడం లేదు.

నా పిల్లకి మూడున్నరేళ్ళు. పిచ్చుకంత ఉంటుందని పిచ్చుకా అనే పిలుస్తాం. పది రోజుల నుంచి దానికి ఒంట్లో బాగాలేదు. కడుపు నొప్పి అంటుంది, తిన్నది కక్కుతుంది, ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నచోటే ఒరిగిపోతుంది. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, "నీళ్ళు బాగా తాగించమ్మా" అన్నారు. అది నీళ్ళు చూస్తేనే మూతి తిప్పుకుంటుంది. "వద్దు, తాళంచెవి నీళ్ళు" అంటుంది. ముక్కు పట్టుకుని తాగించాను. ఒకసారి చెంప మీద కొట్టి తాగించాను కూడా. ఆ రోజు దాన్ని ఇంట్లో ఉంచడానికి మా ఆయన సెలవు పెట్టాడు. గంటకో గ్లాసు, కాచి చల్లార్చిన నీళ్ళు, తాగించినప్పుడల్లా కాలెండరు వెనక ఒక గీత పెట్టమని పదిసార్లు చెప్పి బయటపడ్డాను.

అంటే పిచ్చుక ఇంట్లో ఉంది. ఇక్కడ ఏడుస్తున్నది పిచ్చుక కాదు. ఆ మాట నాలో నేను మూడుసార్లు అనుకున్నాను.

వెనక్కి తిరిగి చూశాను. ఏరు నిశ్చలంగా, అద్దంలా ఉంది. నా చిన్నప్పుడు ఈ ఏరు రోజుకో రంగులో పారేది. ఒకరోజు ఆకుపచ్చ, ఒకరోజు తుప్పు రంగు. ఇప్పుడు అడుగునున్న రాళ్ళు లెక్కపెట్టొచ్చు. రాళ్ళ మీద నాచు లేదు. నీళ్ళ మీద పురుగు లేదు. ఒడ్డున ఒక్క పిట్ట లేదు. కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. పక్క షెడ్ల నుంచి ఎప్పుడూ వచ్చే ధనధన చప్పుడు కూడా ఆ పూట ఎందుకో లేదు. ఆ ఏడుపొక్కటే ఉంది.

తలుపు తోశాను.

ఎండలోంచి వెళ్ళానేమో మొదట ఏమీ కనబడలేదు. తరవాత మూల ఒక తెల్లటి జుట్టు కనబడింది. ఎవరో గొంతుక్కూర్చుని, ముందున్నదేదో నిమురుతున్నారు. "ఊరుకో... ఊరుకోవే తల్లీ... మార్చాగా నీళ్ళు, ఇంకేం కావాలి నీకు" అని గొణుగుతున్నారు.

నా చేతిలో తాళంచెవి కింద పడింది. ఆ మనిషి తల తిప్పింది.

"తలుపు దగ్గరకెయ్యి అమ్మాయ్, దాని మీద ఎండ పడుతోంది" అంది మా అత్తయ్య.

---

అత్తయ్య ఆ గది ఊడుస్తుందని నాకు తెలుసు. ఆ పని మేడమ్‌తో చెప్పి ఇప్పించింది నేనే. కానీ అది వారానికోసారి, సోమవారం పని. ఆ రోజు గురువారం.

"మీరిక్కడేం చేస్తున్నారత్తయ్యా?"

"కనబడట్లా? దీని ఏడుపు మాన్పుతున్నా. నాలుగు రోజుల్నుంచి ఇదే వరస. నీ కూతురు నయం."

ఏడుస్తున్నది గోడకున్న పెట్టె. అంకెలు కనబడే చిన్న అద్దం, దానికింద ఎర్ర దీపం. అంకె పదిహేను వందలు దాటితే ఆ పెట్టె కూత పెడుతుందని మేడమ్ ఒకసారి చెప్పింది. నేను ఎప్పుడూ వినలేదు. అద్దంలో అంకె చూశాను. పంతొమ్మిది వందల అరవై.

పెట్టెలోంచి నల్లటి తీగె కిందికి దిగుతుంది. ఆ తీగె నేలలో ఉన్న పైపు గుండా ఏట్లోకి వెళ్ళాలి. దాని చివర ఉన్న ఉక్కు కడ్డీయే మీటరుకి ముక్కూ నోరూ. తీగె పైపు దాకా వెళ్ళలేదు. పక్కనే ఉన్న పసుపురంగు బకెట్లోకి దిగింది.

ఆ బకెట్టు నాకు తెలుసు. ఒక చెవి కాలి వంకరపోయింది, లోపల అరిగిపోయిన బాతు బొమ్మ. నా పిల్లకి స్నానం చేయించే బకెట్టు. నాలుగు నెలల కిందట కనబడకుండా పోయింది. ఎదురింటావిడ తీసిందని అనుమానపడి నెల రోజులు ఆవిడతో మాట మానేశాను.

"బకెట్టు..." అన్నాను.

"నీదే. చిన్నబకెట్టయితే మోయడానికి తేలిక. అడిగితే ఇస్తావా నువ్వు? పిల్ల వస్తువంటే మంత్రించి దాచుకుంటావు."

"అత్తయ్యా, ఆ కడ్డీ ఏట్లో ఉండాలి. బకెట్లో ఎందుకుంది? ఎన్నాళ్ళ నుంచుంది?"

"అరవకు. ఒకటి అరుస్తోంది, చాలు." అత్తయ్య చీరచెంగుతో చేతులు తుడుచుకుని నా ముందు పెట్టింది. వేళ్ళ చివర్లు తోలు ఊడి గులాబీరంగులో ఉన్నాయి. "మీటరు పెట్టినాయన నాకేం చెప్పాడు? వారానికోసారి గొలుసు పట్టి పైకి లాగి, బ్రష్షుతో తోమి, మంచినీళ్ళలో కాసేపు నానబెట్టి, మళ్ళీ దింపమన్నాడు. మొదటి నెల అలాగే చేశా. పైకి తీస్తే దాని ఒళ్ళంతా నల్లటి జిగురు. తోమితే నా వేళ్ళు ఇలా అయ్యాయి, ఇప్పటికీ మానలేదు. పోనీలే అని తోమి మంచినీళ్ళలో పెట్టేదాన్ని. నోరు మూసుకునేది. మళ్ళీ ఏట్లో దింపగానే కేర్‌మనేది. నువ్వే చెప్పు, కడిగిన పసిదాన్ని తీసుకెళ్ళి మళ్ళీ మురుగులో పడేస్తారా ఎవరైనా?"

"అది పసిదేంటి, ఇనుప కడ్డీ!"

"ఇనుముకి మాత్రం తుప్పు పట్టదా? రేపది పాడైతే ముందు ఎవరినంటారు? ఊడ్చేదాన్ని అంటారు. దాని కోడలే కదా మీ లాబ్‌లో సీసాలు కడిగేది అంటారు. నీ ఉద్యోగం పోతుంది. అందుకని బకెట్లోనే ఉంచేశా. నాలుగు నెలలు హాయిగా ఉంది. దుమ్ము పడకుండా చూశా, ఎండ పడకుండా చూశా. మీ పెద్దసారు ఒకరోజు వచ్చి, మీటరు తళతళలాడుతోందమ్మా అని నన్ను మెచ్చుకున్నాడు కూడా."

"ఆయన బకెట్టు చూశాడా?"

"చూసి, నువ్వు తోమే టైముకే వచ్చానన్నమాట అన్నాడు. నేను తల ఊపా."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నాలుగు నెలలు మా లాబ్ గోడమీద ఏరు బాగుపడుతూ వచ్చిందంటే అది మా పిచ్చుక స్నానం బకెట్టు. ఎండ తగలని ఏరు. పదకొండు గంటల దెయ్యం. అటెండరు బాబాయికి చెప్తే కుర్చీలోంచి పడతాడు.

"రోజూ ఎందుకు వస్తున్నారు మరి?"

"నిలవ నీళ్ళు నువ్వు తాగుతావా? రోజూ కొత్తనీళ్ళు పోస్తా."

"పదకొండింటికే ఎందుకు?"

"మన వీధి బోరు పంపు వదిలేది పదిన్నరకి కదా. ఇంట్లోకి పట్టేసుకుని, దీనికో బకెట్టు పట్టుకుని, పిచ్చుకని చంకనేసుకుని వచ్చేదాన్ని. అది కూడా దీనితో కబుర్లు చెప్పేది. ఇవాళే నేనొక్కదాన్నే వచ్చా."

ఆవిడ ఏం చెప్పిందో నా చెవులకి వినబడింది. బుర్రకి ఎక్కలేదు. ఆ క్షణంలో నా బుర్రనిండా ఒకటే ఉంది. సోమవారం ఆ మీటరు మనిషి వచ్చేలోగా కడ్డీ ఏట్లో ఉండాలి. లేకపోతే మా ఇద్దరి పనీ పోతుంది. అత్తయ్య వద్దు వద్దంటున్నా బకెట్లోంచి కడ్డీ లాగాను. గొలుసు తగిలించి, నేలలో పైపులోకి వదిలాను. గొలుసు గలగలమంటూ దిగి, కింద నీళ్ళు తగిలి మెత్తబడింది.

"చూడు, ఇప్పుడు ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది" అంది అత్తయ్య, రెండు చెవులూ మూసుకుంటూ.

నేనూ పళ్ళు బిగబట్టాను.

పెట్టె ఊరుకుంది.

కూత మధ్యలో తెగింది. ఎవరో నోరు నొక్కినట్టు. ఎర్రదీపం ఆరింది. అద్దంలో అంకె దిగడం మొదలుపెట్టింది. పదమూడు వందలు. తొమ్మిది వందలు. ఆరు వందల పదిహేను. అక్కడ నిలబడింది.

గదిలో మా ఇద్దరి ఊపిరి వినబడుతోంది. పైపులోంచి నీళ్ళ చప్పుడు వస్తోంది, ఎవరో కింద పెదాలు తడుపుకుంటున్నట్టు.

"చచ్చిపోయిందా?" అంది అత్తయ్య గుసగుసగా.

"పాడైనట్టుంది."

గొలుసు లాగాను. కడ్డీ శుభ్రంగా వచ్చింది. జిగురు లేదు, వాసన లేదు. బకెట్లో పెట్టాను. కేర్‌మంది. పంతొమ్మిది వందల అరవై.

పైపులోకి దింపాను. ఊరుకుంది. ఆరు వందల పది.

బకెట్లో పెట్టాను. కేర్‌మంది.

మా లాబ్‌లో ఒక పద్ధతుంది. ఏ నీళ్ళు పట్టబోతామో ఆ నీళ్ళతోనే సీసాని మూడుసార్లు తొలిచి పారబోసి, నాలుగోసారి పట్టాలి. ఆ మూడుసార్లతో సీసాలో పాత నీళ్ళ గుర్తులు ఏమైనా ఉంటే పోవాలి కదా. చేతులకి అదే అలవాటు. మూడుసార్లు దింపి, మూడుసార్లు తీశాను. మూడుసార్లూ ఒకటే మాట చెప్పింది అది. ఏట్లో ఊరుకుంటోంది. బకెట్లో ఏడుస్తోంది.

"చూశావా" అంది అత్తయ్య, గెలిచినట్టు. "నేను చెప్తే నమ్మవు. ఈ మధ్య దీనికి మంచినీళ్ళు పడట్లేదు."

---

ఆ మాట నన్ను పట్టుకుంది.

మంచినీళ్ళు పడట్లేదు. ఇంట్లో ఇదే మాట నేను పది రోజులుగా అంటున్నాను, పిచ్చుక గురించి.

"అత్తయ్యా, ఇవి మన పంపు నీళ్ళేనా?"

"చెప్పాగా. మనం తాగేవే. ఇంట్లో బిందె నింపాక, అదే ధారకి దీన్నీ పెట్టా."

"వేరే ఎక్కడా పట్టలేదు? షెడ్ల దగ్గర కుళాయిలో..."

"నాకేం పిచ్చా? తాగే నీళ్ళే దానికీ. నీ కూతురికి ఏది పోస్తావో దానికీ అదే పోస్తున్నా."

బకెట్టు ముందు కూర్చున్నాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున బాతు నవ్వుతోంది. కడ్డీ తీసి పక్కన పెట్టాను. దోసిట్లో కాసిని నీళ్ళు తీసుకుని నాలిక మీద వేసుకున్నాను.

నేను ఇంట్లో నీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందో. లాబ్‌లో క్యాన్ నీళ్ళు తాగుతాను. ఇంట్లో రెండు పూటలా టీ తాగితే ఆ దాహం తీరిపోతుంది. మా ఆయనా అంతే, పని దగ్గర తాగి వస్తాడు. అత్తయ్యకి పళ్ళతో పాటే రుచీ పోయింది. ఆ ఇంట్లో మంచినీళ్ళు ఉత్తినే, గ్లాసులో పోసుకుని తాగేది ఒక్క పిచ్చుకే.

ఉప్పు కాదు. చేదు కాదు. నాలిక పక్కలకి సన్నగా కుట్టింది. ఆ రుచి నాకు తెలుసు. పావుగంట కింద, గది బయట, పళ్ళ మధ్య కరుచుకున్నప్పుడు నోట్లో ఉన్న రుచి.

తాళంచెవి నీళ్ళు.

పిల్ల చెప్పింది. దానికి వచ్చిన నాలుగు మాటల్లో సరైన మాట వెతుక్కుని మరీ చెప్పింది. ఇంటి తాళంచెవి ఎప్పుడో నోట్లో పెట్టుకుంటే నేనే లాక్కున్నాను, ఛీ అన్నాను. ఆ రుచి గుర్తుపెట్టుకుని చెప్పింది. నేను చెంప మీద కొట్టాను.

"ఏమైందే? మొహం అలా పెట్టావు?" అత్తయ్య నా భుజం పట్టుకుంది.

"షెడ్లవాళ్ళు నిజమే చెప్పారత్తయ్యా. ఏట్లోకి వదలట్లేదు."

"మంచిదేగా."

"మరి ఎక్కడికి వదుల్తున్నారు?"

అత్తయ్య గోడవైపు, గోడకవతలున్న షెడ్డువైపు చూసింది.

"వాళ్ళ పెరట్లో పాత బోరొకటుంది" అంది. "ఎప్పుడో ఎండిపోయింది. రోజూ బకెట్టు పట్టుకుని ఆ గోడ పక్కనుంచే కదా వస్తాను. ఈ మధ్య అందులోంచి చప్పుడు వస్తోంది. గుటక వేస్తున్నట్టు. నేను, పిచ్చుకా నిలబడి వినేవాళ్ళం. 'నానమ్మా, నేల నీళ్ళు తాగుతోంది' అనేది అది. ఎండిన బోర్లోంచి నీళ్ళు తోడటమే కుదరదు, అందులో పోసేవాళ్ళెవరుంటారులే అనుకున్నా. పైపేదో కారుతోందనుకున్నా."

"ఎప్పట్నుంచి?"

"మీటరు పెట్టిన కొత్తల్లో షెడ్డు ముందు మనుషులు గుంపుగా నిలబడి ఈ గదివైపు చూసేవాళ్ళు. ఆ తరవాత్నుంచే."

అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా ముందు కూర్చున్నాయి. మా మీటరుకి భయపడ్డారు వాళ్ళు. భయపడి ఏరు మానేశారు. ఏరు మానేసి నేల పట్టారు. మూడు నెలల పైనే పట్టింది ఆ విషం నేలలో పాక్కుంటూ మా వీధి పంపు దాకా రావడానికి. ఇరవై రోజుల కింద వచ్చింది. రోజుకో మెట్టు ఎక్కింది. ఆ మెట్లన్నీ నేను రోజూ తెరమీద చూశాను. ఏటిని తిట్టుకుంటూ చూశాను.

ఈ ముసలావిడ తెలియక చేసిన పొరపాటు లేకపోతే మా లాబ్‌కి ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. ఏట్లో ఉంటే ఆ మీటరు ఇవాళ్టికీ హాయిగా ఊరుకుని ఉండేది. తాగే నీళ్ళలో కూర్చోబెట్టింది కాబట్టే ఏడ్చింది. పిల్లలా ఏడ్చింది. పిల్ల ఏడిస్తే మేం వినలేదు, ఇది ఏడిస్తే రిపేరు మనిషికి కబురు పెట్టాం.

ఇంకోటి గుర్తొచ్చింది.

నేను నీళ్ళు ఉత్తినే కాచను. క్రిములు చావాలని సగానికి మరగనిస్తాను. పిల్లకి జబ్బు చేసినప్పటి నుంచి ఇంకా ఎక్కువ మరగబెడుతున్నాను. గిన్నె అడుగున రోజూ పచ్చటి పెంకు కడుతోంది. సీసాలు తోమే బ్రష్షు తెచ్చి మరీ దాన్ని గీకాను. తొమ్మిదో క్లాసుతో బడి మానేసినదాన్నే గానీ, నీళ్ళు ఆవిరైపోతే ఉప్పు మిగులుతుందని ఆ తొమ్మిదిలోపే చెప్పారు. నీళ్ళు సగం పోతే మిగిలిన సగంలో విషం రెట్టింపు. పంతొమ్మిది వందల అరవై బకెట్లో. మా ఇంటి గ్లాసులో ఎంత?

"సీసా ఇవ్వండి" అన్నాను.

"ఇప్పుడు సీసాలేంటే, ఇంటికి పద!"

"సీసాలో పట్టకపోతే మేడమ్ కూడా నమ్మదు. ఇవ్వండి."

మూడుసార్లు తొలిచాను. ఒడ్డు నుంచి తాడుతో దించి ఏటినీళ్ళు ఒక సీసా, బకెట్లోంచి ఒక సీసా. మూతలు బిగించి, చీటీలు అంటించాను. ఏటినీళ్ళ మీద 'ఏరు' అని రాశాను. రెండోదాని మీద ఏం రాయాలో తెలియలేదు. 'మా ఇల్లు' అని రాశాను.

కడ్డీ ఏట్లోకి దింపేశాను. పెట్టె ఊరుకునే ఉంది.

అప్పుడు ఫోన్ తీశాను.

---

మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. అత్తయ్య నా మొహంలోకి చూస్తూ, తోలు ఊడిన వేళ్ళతో నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

మూడోసారికి ఎత్తాడు.

"ఇదిగో" అన్నాడు. ఆయన నన్నెప్పుడూ అలాగే పిలుస్తాడు. ఇంట్లో 'ఇదిగో', బయట 'ఇదిగో', పెళ్ళిలో కూడా 'ఇదిగో' అన్నాడని మా వదినలు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. "ఇదిగో, నువ్వు చెప్పినట్టే చేస్తున్నా. కంగారు పడకు."

"ఏవండీ, నీళ్ళు తాగించారా?"

"గంటకొకటి అన్నావు కానీ, నేనే అరగంటకొకటి చేశా. తొందరగా తగ్గుతుందని. కాలెండరు వెనక ఆరు గీతలున్నాయి, వచ్చి లెక్కపెట్టుకో." గొంతులో గర్వం. "మొదటి రెండూ గొడవ చేసింది. తాళంచెవో ఏదో అంది. తరవాత్తరవాత మారు మాట్లాడకుండా తాగేసింది. బుద్ధొచ్చింది దానికి."

"ఇంక ఇవ్వకండి. ఒక్క చుక్క కూడా ఇవ్వకండి. బిందెలో ఉన్నవన్నీ పారబోసెయ్యండి. వింటున్నారా?"

"పారబోయడమేంటి? నువ్వే కదా..."

"పిచ్చుకేం చేస్తోంది? ఏడుస్తోందా?"

"ఏడవట్లేదే. అదే చెప్తున్నా. ఆరో గ్లాసు తాగాక ఊరుకుంది. పడుకుంది. కిక్కురుమనట్లేదు. ఇంత హాయిగా పడుకుని ఎన్నాళ్ళయిందో."

నా వెనక పెట్టె కూడా కిక్కురుమనట్లేదు. పైపులో నీళ్ళు మెల్లగా గోడని నాకుతున్నాయి.

"లేపండి" అన్నాను.

"పడుకున్నదాన్ని..."

"లేపండి! నాకు దాని ఏడుపు వినబడాలి. గిచ్చి లేపండి."

ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. అడుగులు. "పిచ్చుకా" అన్నాడు మామూలుగా. మంచం కిర్రుమంది. "పిచ్చుకా, అమ్మ ఫోనులో ఉంది, లే." కాసేపు ఏమీ లేదు. "ఏయ్, పిచ్చుకా." మళ్ళీ ఏమీ లేదు. తరవాత "పిచ్చుకా! పిచ్చుకా!" అని, ఆ గొంతు ఆయనదేనా అనిపించేంత పైకి. చెంపల మీద తట్టిన చప్పుడు. నేను ఫోన్ చెవికి ఎంత నొక్కుకున్నానో, చెవి నొప్పెట్టింది. ఏడవమ్మా, ఒక్కసారి ఏడవమ్మా అనుకుంటున్నాను. ఎలా ఏడ్చినా ఫర్వాలేదు, మొండికేసి ఏడు, నన్ను తిట్టి ఏడు.

అత్తయ్య "ఏమంటున్నాడే, ఏమంటున్నాడు" అని నా చెయ్యి కుదుపుతోంది.

అడుగులు పరుగున వచ్చాయి. ఫోన్ తీసుకున్నాడు. కాసేపు ఊపిరే వినబడింది.

అప్పుడు మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఐదేళ్ళలో అదే మొదటిసారి.